ఆ రోజు వాన లేదు

కోల్చెస్టర్‌లో శనివారాలు నేను
చారిటీ షాపులో పుస్తకాల దుమ్ము దులుపుతాను.
వంటలు కింది అరకి, ప్రేమలు కిటికీలోకి,
యుద్ధాలు వెనకగోడకి, హీటరు పక్కన.
"వాటికి చలెక్కువ" అంటుంది డోరీన్
ధర చీటీలంటిస్తూ.
ఏ యుద్ధమైనా రెండు పౌన్లే.
పటాలుంటే మూడు.

సిపాయిల ఊరిది.
ఒక ముసలాయన పోయినప్పుడల్లా
అరటిపళ్ల అట్టపెట్టెల్లో
ఒక సైన్యం దిగుతుంది మా గుమ్మంలో.
మార్చిలో థర్‌గుడ్ గారివి పదకొండు పెట్టెలు.
తొంభై తొమ్మిదేళ్లట.
ఇంజను ఆపకుండానే దించి వెళ్లింది కూతురు.

అమ్మే ముందు చదవడం నా జబ్బు.
రోమన్ల కాలంలో మొదలుపెట్టాను,
ఈ ఊరు తగలబడిన ఏడాది దగ్గర.
హై స్ట్రీటు కింద ఇప్పటికీ ఒక ఎర్రటి పొర ఉందట,
కాలిన మట్టి, అందులో బొగ్గైన ఖర్జూరాలు.
ఎంతమంది చచ్చారో తేలలేదు.
ఖర్జూరాలు దొరికాయి.

తర్వాత ముట్టడి, పదకొండు వారాలు.
గుర్రాలైపోయాక కుక్కలు,
కుక్కలైపోయాక కొవ్వొత్తులు తిన్నారు.
ఈస్ట్ హిల్ దిగువన ఆనాటి ఇంటి దూలాలకి
తూటా బెజ్జాల చుట్టూ ఎవరో ఎర్రరంగు పూశారు
మేష్టారు తప్పులకి సున్నా చుట్టినట్టు.
నా బస్సు రోజూ దాని ముందునుంచే.

చరిత్ర కొండ మీద నిలబడి చూస్తుంది.
"ఎడమ పార్శ్వం స్వల్పంగా నష్టపోయింది" అంటుంది.
ఆ స్వల్పంలోకి
నవల బోర్లా పడుకుని పాకుతుంది,
తడిసిన మేజోడు వాసన చూస్తుంది,
పక్కవాడి దగ్గు వింటుంది,
వాడు రేపటికుండడని మనకి తెలిసేలా
వాడి జేబులో ఒక ఉత్తరం పెడుతుంది.
నేను రెండూ నమ్మాను
కావిడికి రెండు కుండల్లా.

థర్‌గుడ్ గారు ఏదీ నమ్మలేదు.
పెన్సిలు చెక్కుకుని మరీ చదివాడాయన.
బర్మా నవల్లో మూడు పేజీలు కుండపోత.
మార్జిన్లో: ఆ రోజు వాన లేదు.
చరిత్రలో మహత్తరమైన ఎదురుదాడి పక్కన:
అప్పుడు మేం నిద్రపోతున్నాం.
ఒకచోట ఏమీ రాయలేదు.
పెన్సిలు మొన ఆనించి చాలాసేపు ఉంచినట్టు
ఒక చుక్క.
కాగితం తిప్పితే అవతల వేలికి తగులుతోంది.

అడుగు పెట్టెలో ఒక నది, ఒక వంతెన
కట్టినవాళ్ల పుస్తకం.
అనుబంధంలో అధికారులు, పతకాలు, ఇంటి పేర్లు;
ఆ కింద చీమ తలకాయంత అక్షరాల్లో
ఇతరులు.
"యాపిల్ సామీనా ఇది?" కళ్లజోడు పైకెత్తింది డోరీన్.
గుమాస్తా ఎవడో చెవికి తోచింది రాసుకున్నాడు.
నోట్లో రెండుసార్లు తిప్పాను.
అప్పలస్వామి.
ఆ స్పెల్లింగు ముడి విప్పడానికి
ఎనభై ఏళ్లుగా ఈ దేశంలో ఈ పేజీకి
మా విజీనారం నాలుక ఒకటి కావలసొచ్చింది.
"దేవుడి పేరు," అన్నాను.
"మా వైపు వీధికిద్దరుంటారు."

పేరు పక్కన అదే పెన్సిలు:
ఈత రాదు. ముందే చెప్పాడు మాకు.

మళ్లీ మొదటికొచ్చాను.
నూట పన్నెండో పేజీలో నది దాటడం విజయవంతం.
నవలకి ఆ రాత్రి అక్కర్లేకపోయింది.
వంతెన మీద నడిచిన గుర్రానికి మాత్రం
పేరుంది, ఫొటో ఉంది.

మధ్యాహ్నం బారకాసు కుర్రాడొకడొచ్చాడు.
కొత్తగా గొరిగిన తల, ఎర్రబడిన చెవులు.
ఏం కొనాలో తెలీక ఆ పుస్తకమే తీశాడు.
"బాగుంటుందా?"
"వెనకనుంచి చదువు," అన్నాను.
"కథ తెలిసిపోదూ?" నవ్వాడు.

అయిదు పౌన్ల నోటిచ్చాడు.
పటాలున్నాయి కాబట్టి
మూడు తీసుకున్నాను.